చీమకాళ్ల అక్షరాల ఫ్యాషన్ పత్రిక గారికి

మహారాజశ్రీ ఫ్యాషన్ మాసపత్రిక గారి దివ్య సముఖానికి మీ చందాదారు నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. మీరూ క్షేమమే అని రాద్దామంటే, ఈ నెల సంచిక చేతిలోకి తీసుకున్నాక చెయ్యాడలేదు. బాగా చిక్కిపోయారు. 2012 సెప్టెంబరులో మీ వంశంలో పేరుమోసిన అమెరికన్ వోగ్ 916 పేజీలతో వచ్చింది. సగానికి పైగా ప్రకటనలే అయితేనేం, దర్జా దర్జానే. ఇప్పుడు మిమ్మల్ని చుట్టచుట్టి ఈగలు తోలుకోవచ్చు. ఒళ్లు జాగ్రత్తగా చూసుకోండి.

ఇక అసలు సంగతి. నిన్న మధ్యాహ్నమంతా మీ ముఖచిత్ర కథనానికి ధారపోశాను. తన బట్టలు తానే ఎంచుకునే, ఎవరి మాటా వినని ఒక బ్లాగర్‌తో మనసు విప్పిన ముచ్చట అని కవర్ మీద ఊరించారు. ఫోన్ పక్కన పడేసి, తలుపు వేసుకుని, కాళ్లు చాపుకుని మరీ చదివాను. ఆ అమ్మాయికి కంపెనీలంటే లెక్కలేదట. మనసుకు నచ్చిందే వేసుకుంటుందట. పేజీ తిప్పిన ప్రతిసారీ ఆవిడ మనసుకు ఒకే కంపెనీ కోటు నచ్చింది. పోనీలే, ఎవరి ఇష్టం వాళ్లది అనుకున్నాను. చివరి పేజీ తిప్పబోతుంటే బొటనవేలి కింద ఏదో మరకలా కనిపించింది. గోటితో గీకాను. పోలేదు. కళ్లజోడు తెచ్చుకుని చూశాను. తెల్ల కాగితం మీద లేత బూడిద రంగులో, చీమకాళ్లంత అక్షరాలతో "ప్రమోషన్" అని ఉంది.

వెనక్కి తిప్పుకుంటూ వెళ్లాను. ప్రతి పేజీలోనూ ఉంది. అదే మూల, అదే రంగు. పత్రిక పట్టుకున్నప్పుడు చదివేవాళ్ల బొటనవేలు సరిగ్గా ఎక్కడ పడుతుందో అక్కడే. ఆ చోటు కనిపెట్టిన ఉద్యోగికి ఇంకా జీతం పెంచకపోతే వెంటనే పెంచండి. మీ ఆఫీసులో పాఠకుల గురించి అంత శ్రద్ధగా ఆలోచించే మనిషి ఇంకొకరు ఉన్నట్టు లేదు.

మిగతా బాధలు నాకు అలవాటే. విషయసూచిక కనిపించాలంటే ప్రకటనల అడవి దాటాలి. దొరికాక, అందులో ఇచ్చిన పేజీ నంబరు పట్టుకుని వెళ్తే ఆ చుట్టుపక్కల పేజీలకు నంబర్లే ఉండవు. ధర ఉండాల్సిన చోట "అడిగితే చెబుతాం" అని ఉంటుంది, ఎవరిని అడగాలో ఉండదు. సెంటు పూసిన కాగితం విప్పగానే ఇంటిల్లిపాదికీ తుమ్ములు. చందా కట్టినవాళ్ల ఒళ్లోకే "చందా కట్టండి" అనే కార్డు రాలిపడుతుంది. కథనం చివర క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే మీ వెబ్‌సైట్ ఇంకో చందా అడుగుతుంది. ఇన్నేళ్ల కాపురంలో ఇవన్నీ మామూలే అని సర్దుకుపోయాను. ఆ చీమకాళ్ల దగ్గరే సర్దుకోలేకపోతున్నాను.

ఎందుకంటే ఊరందరికీ నీతులు చెప్పింది మీరే కదండీ. 2016 సెప్టెంబరు గుర్తుందా? మిలాన్ ఫ్యాషన్ వీక్ ముగిశాక వోగ్ ఎడిటర్లు నలుగురూ చేరి విశేషాలు మాట్లాడుకున్నారు. అందులో శాలీ సింగర్ గారు బ్లాగర్లకు ఒక హితవు చెప్పారు. డబ్బు పుచ్చుకుని గంటకో వేషం మార్చే పని మానుకోండి, ఇంకేదైనా వ్యాపారం చూసుకోండి, స్టైల్ చచ్చిందని చాటింపు వేస్తున్నది మీరే అన్నారు. మిగతావాళ్లు కూడా తలో రాయి వేశారు. ఇంతకీ ఆ ముచ్చట వచ్చింది ఎక్కడ? వోగ్ వెబ్‌సైట్‌లో. బ్లాగర్లను తిట్టడానికి కూడా బ్లాగులాంటిదే కావాల్సి వచ్చింది.

స్టైల్ బబుల్ బ్లాగు రాసే సుసానా లావ్ దానికి గట్టిగానే బదులిచ్చారు. పత్రికల్లో ఎవరి బట్టలు కనిపించాలో తేల్చేది కూడా ఆ కంపెనీలతో ఉన్న లావాదేవీలే కదా, మేం అదే పని కాస్త బాహాటంగా చేస్తున్నాం, అంతే అని ఆవిడ మాటల సారాంశం. అబద్ధమా? ఫోటో పక్కన సన్నగా "కోటు ఫలానా వారిది, చెప్పులు ఫలానా వారివి" అని వేస్తారే, దాన్ని మీరు క్రెడిట్ అంటారు. మాకది కొనుక్కునేవాళ్లకు సాయంగా ఇచ్చిన సమాచారంలా కనిపిస్తుంది. ప్రకటన ఇచ్చిన కంపెనీ మాత్రం ఆ నెల తనకు ఎన్ని క్రెడిట్లు పడ్డాయో వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటుంది. తక్కువ పడితే మీకు ఫోన్ వస్తుంది.

ఇది నా ఊహ అంటారేమో. ఇరవై అయిదేళ్లు బ్రిటిష్ వోగ్‌లో ఫ్యాషన్ డైరెక్టర్‌గా చేసిన లుసిండా చేంబర్స్ గారిని అడగండి. 2017లో ఉద్యోగం పోయాక ఆవిడ వెస్టోయ్ అనే పత్రికతో మనసులో ఉన్నదంతా కక్కేశారు. ఆ ఏడాది జూన్ ముఖచిత్రానికి మోడల్ అలెక్సా చుంగ్‌కి వేసిన మైకేల్ కోర్స్ అనే డిజైనర్ టీషర్ట్ ఏం బాగాలేదట. కానీ ఆయన పెద్ద ప్రకటనదారు, కాబట్టి అది ఎందుకు వేయాల్సి వచ్చిందో తనకు తెలుసునట. తాను చేసే వోగ్‌ని ఏళ్ల తరబడి తానే చదవలేదని కూడా చెప్పారు. ఆ టీషర్ట్ పక్కన చీమకాళ్లతోనైనా "ప్రమోషన్" అని ఉందా? లేదు. అక్కడ దాని పేరు ఎడిటోరియల్, అంటే పత్రిక సొంత ఎంపిక.

ఇంకో ముచ్చట. అమెరికాలో వ్యాపార మోసాల మీద కన్నేసి ఉంచే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వాళ్లు ప్రకటనల మార్గదర్శకాలు సవరించారు. 2009 డిసెంబరు 1 నుంచి, కంపెనీ డబ్బిచ్చినా, సరుకు ఊరికే ఇచ్చినా, ఆ సంగతి బ్లాగర్లు చదివేవాళ్లకు చెప్పాలి. మంచిదే. అయితే పత్రికల్లో సమీక్షలు రాసేవాళ్లకూ బ్లాగర్లకూ ఒకే కొలత ఉండకపోవచ్చని అదే కమిషన్ ఒప్పుకుంది. పంపిన సంచీ ఒకటే, పంపిన కంపెనీ ఒకటే. బ్లాగర్ ఇంటికొస్తే లంచం, మీ ఆఫీసుకొస్తే శాంపిల్. గురివింద గింజ కూడా ఇంత ధీమాగా ఉండదు.

అసలు నీకు సిగ్గుందా? స్కాట్ షూమన్ 2005లో కెమెరా పట్టుకుని న్యూయార్క్ వీధుల్లో దారినపోయేవాళ్ల ఫోటోలు తీసి, ది సార్టోరియలిస్ట్ అని బ్లాగు పెట్టుకుంటే నీకు అదొక కాలక్షేపంలా కనిపించింది. తర్వాత అతన్నే జీక్యూ అనే మగవాళ్ల ఫ్యాషన్ పత్రికలో పేజీ ఇచ్చి కూర్చోబెట్టుకున్నావు. 2009 సెప్టెంబరులో మిలాన్‌లో డోల్చే అండ్ గబానా అనే బట్టల కంపెనీ వాళ్లు బ్లాగర్లను ముందు వరసలో కూర్చోబెట్టి, ఎదురుగా ల్యాప్‌టాప్‌లు అమర్చితే నీకు కడుపు మండింది. 2010 జనవరిలో పారిస్‌లో డియోర్ కంపెనీ షోకి తవి గెవిన్సన్ అనే పదమూడేళ్ల బ్లాగర్ పిల్ల తలమీద పే...ద్ద రిబ్బన్ బో పెట్టుకుని వచ్చింది. వెనక కూర్చున్న గ్రాజియా పత్రిక ఎడిటర్ ఆ బో ఫోటో తీసి, దీని చాటు నుంచి చూడాల్సి వస్తోందని ట్విటర్‌లో వాపోయింది. నువ్వు దశాబ్దాలుగా మా అందరికీ అడ్డంగా కూర్చున్నావు, మేమెవరం ఫోటో తీయలేదు. నువ్వు అచ్చేసిందే ఫ్యాషన్, నువ్వు వదిలేసింది లేనట్టే. ర్యాంపు మీద నడిచిన బట్ట నీ పేజీల్లోంచి మా దాకా రావడానికి నెలలు పట్టేది, చావుకబురు చల్లగా చెప్పినట్టు. అదే బట్ట ఆ బ్లాగర్లు సాయంత్రానికల్లా చూపించేసరికి నీకు ఒక్కసారిగా స్టైల్ గుర్తొచ్చింది, నాణ్యత గుర్తొచ్చింది, విలువలు గుర్తొచ్చాయి.

విలువలట! 2015 ఏప్రిల్‌లో స్పెయిన్ వోగ్ తన ముఖచిత్రం మీద ఎవరిని వేసింది? బ్లాగుతో పైకొచ్చిన కియారా ఫెర్రాన్యీని. ఏడాదిన్నర తిరక్కముందే అదే వంశం మిలాన్‌లో బ్లాగర్లను చూసి ముక్కు మూసుకుంది. కవర్ మీద అమ్ముడుపోతే అతిథి, బయట కనిపిస్తే అంటు.

నువ్వు అనేశాను. వెనక్కి తీసుకోను గానీ, ఇక మీదట మళ్లీ మీరే.

బ్లాగర్లను మాత్రం నెత్తిన పెట్టుకున్నానని అనుకోకండి. మొదట్లో వాళ్లు అద్దం ముందు నిలబడి, ఫ్లాష్ పడి మొహం కనబడని ఫోటోలు పెట్టేవారు. వెనక మంచం మీద మడతపెట్టని బట్టల గుట్ట. ఈ ప్యాంటు నడుము దగ్గర వదులు, ఉతికితే రంగు దిగింది అని రాసేవారు. మీ 916 పేజీల్లో రంగు దిగిన ప్యాంటు ఒక్కటైనా ఉందా? ఆ ఒక్క మాట కోసమే వాళ్ల వెంట పోయాం. తర్వాత ప్రతి చొక్కా కింద ఒక లింకు, ఆ లింకు నొక్కి కొంటే వాళ్లకు కమిషన్. అప్పటి నుంచి ఏ బట్టా రంగు దిగడం మానేసింది. బ్లాగు కాస్తా ఇన్‌స్టాగ్రామ్ అయింది, "పెయిడ్ పార్ట్‌నర్‌షిప్" అనే మాట అక్కడా సన్నగానే ఉంటుంది. అయినా ఫోటో పైన, పేరు కిందే ఉంటుంది. వేలు పడే చోట కాదు. మీకంటే ఆ మాత్రం నయం.

ఆ బో పిల్ల తవి 2011లో రూకీ అని సొంత ఆన్‌లైన్ పత్రిక పెట్టింది, 2018లో మూసేసింది. మ్యాన్ రిపెల్లర్ అనే ఇంకో ఫ్యాషన్ బ్లాగు 2020లో ఆగింది. నేను దాచుకున్న బ్లాగు లింకులు నొక్కితే సగం తెరుచుకోవు. మీ ఇంట్లోనూ కర్మలు తప్పలేదు లెండి. టీన్ వోగ్ అచ్చు 2017లో ఆగిపోయింది, ఇన్‌స్టైల్ అచ్చు 2022లో. కాకపోతే మీవాళ్లు పోయినా కట్టలు మిగిలాయి. అటక మీద నుంచి దించి దుమ్ము దులిపితే, అప్పటి ప్రకటనలతో సహా అన్నీ ఉన్నాయి. పాత ప్రకటనలు బాగుంటాయి కూడా. కనీసం ప్రకటనల్లా కనిపించేవి.

నిన్నటి సంచికలోనే, ఆ ప్రమోషన్ దాటాక, రెండు పేజీల మీద పరిచిన ఉన్ని శాలువా ఫోటో ఒకటి ఉంది. మోడల్ మొహం సగమే కనిపిస్తుంది. శాలువా అంచున ఒక పోగు ఊడి, వంకర తిరిగి, ఆమె మోచేతికి చుట్టుకుని ఉంది. దాన్ని ఎవరూ కంప్యూటర్లో చెరిపేయలేదు. ఉన్ని మీద లేచిన నూగు కూడా లెక్కపెట్టొచ్చు. ఫోన్‌లో అయితే ఆ పోగు నా కంటపడేలోపే వేలు ఫోటోని పైకి తోసేసేది. ఆ రెండు పేజీల దగ్గర చాలాసేపు ఉండిపోయాను. పక్కన సన్నగా కంపెనీ పేరుంది, చదివాను, మర్చిపోయాను. ఫోటో తీసినవాళ్లకు నా నమస్కారాలు చెప్పండి. వాళ్లు మీ దగ్గరే పనిచేయాల్సిరావడం నాకు భలే చిరాగ్గా ఉంది.

కాబట్టి విన్నపం ఏమనగా, డబ్బు తీసుకోవద్దని నేననను. కాగితం ఊరికే రాదు, ఆ పోగు కనబడేలా అచ్చేయడానికి ఖర్చవుతుంది. తీసుకున్నప్పుడు పేజీ నడినెత్తిన, మీ కవర్ మీద మీ పేరు వేసుకునేంత అక్షరాలతో "ఇది డబ్బు తీసుకుని వేసింది" అని వేయండి. క్రెడిట్ల పేజీ చివర, ఆ కంపెనీల్లో ఎవరెవరు ఈ సంచికకు ప్రకటన ఇచ్చారో ఒక చుక్క పెట్టి చూపించండి. పేజీల నిండా చుక్కలే అవుతాయని భయమైతే, ఇవ్వనివాళ్లకు పెట్టండి. సిరా కలిసొస్తుంది.

ఇట్లు,
మీ చందాదారు

తా.క.: చందా పొడిగిస్తే భుజాన వేసుకునే సంచి ఉచితం అని కార్డులో రాశారు. పొడిగిస్తాను. ఆ సంచి మీద ఏ కంపెనీ పేరుంటుందో, అది మోసుకు తిరిగినందుకు నాకెంత ఇస్తారో ముందే తెలపగలరు.