గేర్ ఆయిల్‌కు వేడి భయం లేదు

చిత్తూరు జిల్లాలో మామిడి గుజ్జు మాట వస్తే అది తోతాపురి ధర దగ్గర మొదలై అక్కడే ఆగుతుంది. 2025 సీజనంతా కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు అన్న లెక్క చుట్టూనే తిరిగింది. ఆ కాయను గుజ్జు చేసే యంత్రాన్ని తిప్పే గేర్‌బాక్స్ సంగతి మాత్రం ఎవరికీ పట్టదు.

దాని ఆయిల్ గుజ్జులో పడితే ఎలా అని అడిగితే వచ్చే జవాబు ఒకటే: చివర్లో స్టెరిలైజర్ ఉంది కదా! సూక్ష్మజీవుల వరకు అది చాలావరకు నిజమే. గుజ్జు పుల్లనిది, పీహెచ్ 4కు అటూ ఇటూ ఉంటుంది. వేడి చేసి అసెప్టిక్ (సూక్ష్మజీవులు లేని) సంచిలో నింపితే నెలల తరబడి చెడదు. కానీ గేర్ ఆయిల్ సూక్ష్మజీవి కాదు. గేర్‌బాక్స్ షాఫ్ట్ చుట్టూ ఆయిల్‌ను ఆపే రబ్బరు వలయం, అంటే సీల్, దాటి కారినది స్టెరిలైజర్‌లోంచి కూడా ఆయిల్‌గానే బయటికొస్తుంది.

ఆహారానికి పొరపాటున తగిలే వీలున్న చోట వాడేది 'హెచ్1' రకం ఆయిల్. అందులోని మినరల్ ఆయిల్ ఆహారంలో 10 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో పది, దాటకూడదని అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హద్దు పెట్టింది. 215 కిలోల డ్రమ్ముకు లెక్కేస్తే అది రెండు గ్రాముల పైచిలుకు, అంటే అర టీస్పూన్. మామూలు గేర్ ఆయిల్‌కు ఆ మినహాయింపు కూడా లేదు.

సీల్ ఎందుకు కారుతుంది? చాలాసార్లు కడగడం వల్లే. షిఫ్ట్ అంతా తిరిగి వేడెక్కిన గేర్‌బాక్స్ మీద వాటర్ గన్‌తో చల్లటి నీళ్లు కొడితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. ఆ లోటు సీల్ అంచు నుంచీ, గాలి ఆడేందుకు ఉంచే బ్రీదర్ రంధ్రం నుంచీ నీళ్లను లోపలికి లాక్కుంటుంది. ఆయిల్ మజ్జిగలా తెల్లబడుతుంది, గేర్ పళ్లు, బేరింగులు అరుగుతాయి, షాఫ్ట్ ఊగి సీల్ వదులవుతుంది. కడగడానికి వాడే కాస్టిక్ సోడా దెబ్బకు క్యాస్ట్ ఐరన్ బాడీ మీది పెయింట్ పెచ్చులూడుతుంది, అల్యూమినియమైతే కరుగుతుంది. పైగా మన సీజన్ రెండు మూడు నెలలే. మిగతా కాలమంతా యంత్రం ఖాళీగా నిలబడితే రబ్బరు సీల్ గట్టిపడిపోతుంది. మళ్లీ స్విచ్ వేసినప్పుడు మొదట కారేది అక్కడే.

ఆహార యంత్రాలను శుభ్రంగా ఉంచేలా తయారుచేయడం కోసం యూరప్‌లో 1989లో మొదలైన ఈహెచ్‌ఈడీజీ సంస్థ సూత్రాలు వినడానికి తేలికే: నీళ్లు నిలిచే గాడి ఉండకూడదు, మూలలు గుండ్రంగా ఉండాలి, ఆహారం తగిలే ఉపరితలం గరుకుదనం 0.8 మైక్రాన్లు మించకూడదు. ఆ దారిలో వచ్చినవే చల్లబరిచే రెక్కలూ ఫ్యానూ లేని నున్నటి స్టెయిన్‌లెస్ గేర్ మోటార్లు. నీళ్లు, దుమ్ము చొరబడకుండా ఆపే సామర్థ్యాన్ని చెప్పే ఐపీ69కే రేటింగ్ ఉన్నవి 80 డిగ్రీల నీటిని 80 నుంచి 100 బార్ ఒత్తిడితో కొట్టినా తట్టుకుంటాయి. అయితే రెక్కలు లేకపోతే వేడి పోయే దారి తగ్గుతుంది. కాబట్టి శక్తిలో చాలా భాగాన్ని వేడిగా పోగొట్టే వార్మ్ గేర్ కంటే హెలికల్ బెవెల్ రకం గేర్ నయం.

ధర? మామూలు దానికి ఎన్నో రెట్లు. ఏడాదిలో మూడు నెలలు నడిచే యూనిట్‌ను అన్నీ మార్చమనడం నా ఉద్దేశంలో అన్యాయం. మూత తీసిన ట్యాంకు మీద కూర్చున్న అజిటేటర్ (గుజ్జును కలియబెట్టే యంత్రం) గేర్‌బాక్స్, గుజ్జు పైనుంచి పోయే కన్వేయర్ డ్రైవ్, ఈ రెండింటి మీదే ముందు డబ్బు పెట్టాలి. కుదిరితే పక్కకు జరపాలి. కుదరకపోతే రెండు సీళ్లు పెట్టి, మధ్యలో కారినది బయటికి కనబడేలా రంధ్రం వదలాలి. ఆయిల్ మాత్రం అన్నిటికీ హెచ్1 ఉండాల్సిందే. పనీర్ లాంటివి తీసే డెయిరీల లెక్క వేరు, అక్కడ వేడి దశ దాటాక కూడా సరుకు తెరిచే ఉంటుంది కాబట్టి సూక్ష్మజీవుల భయం కూడా ఉంటుంది. 2008లో కెనడాలో 20 మందికి పైగా చనిపోయిన లిస్టీరియా బాక్టీరియా ఘటనలో అనుమానం వెళ్లింది మాంసం ముక్కలు కోసే యంత్రాల లోతుల్లోకే.

గేర్‌బాక్స్‌కు స్టీలు రేకు డబ్బా తొడిగి హైజీనిక్ అని చూపించడం మాత్రం నాకు అసలు నచ్చదు. తడీ గుజ్జూ లోపలే నిలుస్తాయి, వేడి బయటికి పోదు, ఎవరూ విప్పి కడగరు.

గేర్‌బాక్స్ కొటేషన్లో సాధారణంగా హార్స్‌పవర్, రేషియో, ధర ఉంటాయి. సీల్ రకం, ఆయిల్ గ్రేడ్, నిలువుగా బిగిస్తారా అడ్డంగానా అన్నవి కూడా రాయించుకోవాలి. బ్రీదర్ ఎక్కడుండాలో, ఆయిల్ ఎంత పోయాలో ఆ చివరి మాటను బట్టే మారుతుంది.