కొద్ది తేడాతో గెలిచిన గుర్రాన్ని ఎలా చూడాలి?

'గెలిచినాయి గానీ, మునుపటి మాదిరి లేవబ్బా.'

ఈ మాట నేను మొదట విన్నది గుర్రాల గురించి కాదు. కర్నూలుకు దగ్గర్లోని మా ఊరి తిరునాళ్లలో, బండలాగుడు పోటీల దగ్గర విన్నాను. మా పెదనాన్న ఎడ్ల జత అంతకుముందు వరసగా మూడేళ్లు మొదటి బహుమతి తెచ్చింది. నాలుగో ఏడాది కూడా గెలిచింది. కాకపోతే రెండో జత కన్నా కొన్ని అంగుళాలే ఎక్కువ లాగింది. మైకులో దూరం చెప్పగానే జనం ఈలలు వేయలేదు, గుసగుసలాడారు. పెదనాన్న బహుమతి కోసం స్టేజీ దగ్గరికి వెళ్లలేదు. కాడి దించి, దాపటెద్దు వెనక కాలి మీద చెయ్యి పెట్టి చాలాసేపు అట్లాగే నిలబడ్డాడు.

ఇప్పుడు ఆ మాటే రేసు గుర్రాల గురించి వింటున్నాను. మా వైపు వాళ్లకు గుర్రప్పందేలంటే ఒకప్పుడు హైదరాబాద్ మలక్‌పేట, లేదంటే బెంగళూరు. ఇప్పుడు ఇంగ్లండ్, ఆస్ట్రేలియా రేసులు కూడా ఫోన్లోనే చూస్తున్నారు. ఓటమి ఎరగని గుర్రం ఒక్కసారి కొద్ది తేడాతో గెలిస్తే చాలు, 'దాని పని అయిపోయింది' అనేస్తున్నారు. ఈ తీర్పు చాలాసార్లు తప్పు. అరుదుగా నిజమైనా, జనం చెప్పే కారణం వల్ల కాదు. తేడా ఎంత అన్నది చివర్లో అడగాల్సిన ప్రశ్న. మనం దాన్నే మొదట అడుగుతున్నాం.

ఈ పొరపాటుకు మన బండలాగుడు అలవాటు కూడా కొంత కారణమేమో అనిపిస్తుంది. అక్కడ ఒక్కో జత విడిగా దిగుతుంది. అదే బండ, అవే నిమిషాలు. ఎన్ని అడుగులు, ఎన్ని అంగుళాలు లాగిందో టేపు పెట్టి కొలుస్తారు. పక్కన ఇంకో జత ఉండదు కాబట్టి ఆ అంకె చాలావరకు ఆ జత బలమే. పొద్దున లాగిన జతకూ మిట్టమధ్యాహ్నం లాగిన జతకూ ఎండలో తేడా ఉంటుంది, నేల కూడా మారుతుంది. అయినా ఆ అంకెను నమ్మొచ్చు. గుర్రప్పందెం అట్లా కాదు. అన్నీ ఒకేసారి పరుగెత్తుతాయి. ఎంత తేడాతో గెలిచిందన్నది గెలిచిన గుర్రం ఒక్కదాని లెక్క కాదు. రెండో గుర్రం ఎంత బాగా పరుగెత్తింది, మొదట్లో ఎవరు వేగం పెంచారు, జాకీ ఎప్పుడు కదిలాడు, నేల తడిగా ఉందా గట్టిగా ఉందా, ఇవన్నీ ఆ తేడాలో కలిసి ఉంటాయి.

పైగా ఆ తేడా ఎంత చిన్నదో చూడండి. రేసుల్లో 'లెంగ్త్' అంటే ఒక గుర్రం పొడవు, సుమారు 2.4 మీటర్లు. పూర్తి వేగంలో ఉన్న గుర్రం ఆ దూరాన్ని సెకనులో ఆరో వంతు కంటే తక్కువ కాలంలో దాటేస్తుంది. ముప్పావు లెంగ్త్ అంటే సెకనులో పదో వంతుకు కాస్త అటూ ఇటూ. అంత చిన్న తేడా మీద ఒక ఛాంపియన్ భవిష్యత్తును తేల్చేస్తున్నాం.

ఆస్ట్రేలియా ఆడగుర్రం వింక్స్‌ను తీసుకోండి. 2016లో కాక్స్ ప్లేట్ రేసును ఎనిమిది లెంగ్త్‌ల తేడాతో గెలిచింది. మరుసటి ఏడాది అదే రేసులో హ్యుమిడార్ అనే గుర్రం చివరిదాకా వెంటపడితే, సుమారు అర లెంగ్త్‌తో బయటపడింది. వింక్స్ తగ్గిందన్నారు చాలామంది. కానీ ఆ రోజు 2,040 మీటర్లను అది 2 నిమిషాల 2.94 సెకన్లలో పూర్తి చేసింది. అది ఆ రేసులో కొత్త రికార్డు. నేలను బట్టి కాలం మారుతుంది, నిజమే. అయినా రికార్డు వేగంతో పరుగెత్తిన గుర్రాన్ని పట్టుకుని నెమ్మదించిందని ఎలా అంటాం? ఆ రోజు పెద్దగా మారింది హ్యుమిడార్ పరుగు. 2018లో వింక్స్ నాలుగోసారి కూడా కాక్స్ ప్లేట్ గెలిచింది, వరసగా 33 విజయాలతో 2019లో రిటైర్ అయింది.

ఇంగ్లండ్ మగగుర్రం ఫ్రాంకెల్ కథ వేరు. 2011 ఏప్రిల్‌లో '2000 గినీస్' అనే రేసులో గేటు తెరిచిన దగ్గర నుంచి ముందుండి ఆరు లెంగ్త్‌లతో గెలిచింది. జూన్‌లో ఇంగ్లండ్‌లోని ఆస్కాట్ మైదానంలో, సెయింట్ జేమ్సెస్ ప్యాలెస్ స్టేక్స్ రేసులో తేడా ముప్పావు లెంగ్త్‌కు పడిపోయింది. కారణం రేసు నడిచిన తీరులో ఉంది. రేసు వేగంగా సాగాలని ముందు పరుగెత్తించిన మరో గుర్రాన్ని పట్టుకోవడానికి జాకీ టామ్ క్వీలీ చాలా ముందుగానే ఫ్రాంకెల్‌ను వదిలాడు. మలుపు తిరిగేసరికే ముందుకొచ్చిన గుర్రం ఆఖరి గజాల్లో అలిసింది, వెనకనుంచి జోఫనీ అనే గుర్రం దూసుకొచ్చింది. మన పోటీల్లో మొదటి నిమిషాల్లోనే ఎడ్లను ఉరికించి, చివర్లో బండ కదలక తంటాలు పడే జతలను చూసినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ ఒక్క రేసుతో ఫ్రాంకెల్ మైలు దూరానికి పనికిరాదనడం తొందరపాటు. జులైలో అదే మైలు దూరంలో కాన్‌ఫర్డ్ క్లిఫ్స్ అనే గుర్రాన్ని ఐదు లెంగ్త్‌లతో ఓడించి జవాబు చెప్పింది.

కానీ ఆ ఐదు లెంగ్త్‌లను కూడా నేను పూర్తిగా నమ్మను. కాన్‌ఫర్డ్ క్లిఫ్స్ ఆ రేసు చివర్లో పక్కకు ఒరిగిపోయింది, గాయంతో మళ్లీ పరుగెత్తలేదు. ఆ గుర్రం ఆరోగ్యంగా ఉండుంటే తేడా తగ్గేదే. చిన్న తేడాను అనుమానించినట్టే పెద్ద తేడాను కూడా అనుమానించాలి. మనం ఒకవైపే అనుమానిస్తాం. ఫ్రాంకెల్ గొప్పతనం ఆ ఒక్క రోజులో లేదు. 14 రేసుల్లో 14 గెలవడంలో ఉంది. ఆఖరిది 2012 అక్టోబర్‌లో మెత్తబడ్డ నేల మీద, గేటు దగ్గర ఆలస్యంగా బయల్దేరి గెలిచినది. తేడా ఒకటిముప్పావు లెంగ్త్‌లే. నా లెక్కలో దాని గొప్ప విజయాల్లో అదొకటి.

ఇక బ్లాక్ కేవియర్. ఆ రేసును నేను చాలాసార్లు చూశాను, ఇప్పుడు చూసినా టెన్షన్‌గానే ఉంటుంది. 2012 జూన్ 23న, 21 రేసుల్లో 21 గెలిచిన ఈ ఆస్ట్రేలియా ఆడగుర్రం ప్రపంచంలో సగం దాటి ఆస్కాట్‌కు వచ్చింది. సుమారు 1,200 మీటర్ల రేసు, చివర్లో ఎగువకు సాగే నేల. గెలుపు ఖాయమనుకున్న జాకీ లూక్ నోలెన్ గీత దగ్గరపడ్డాక కళ్లేలు సడలించాడు. ఫ్రాన్స్ నుంచి వచ్చిన మూన్‌లైట్ క్లౌడ్ ఒక్కసారిగా మీదికొచ్చింది. చివరకు తల తేడాతో బ్లాక్ కేవియర్ గెలిచింది. ఆ రాత్రి లోకమంతా జాకీని తిట్టింది. తప్పేనని అతనూ ఒప్పుకున్నాడు.

కానీ జాకీ తప్పు దగ్గరే ఆగిపోతే అసలు సంగతి కనపడదు. అతను కళ్లేలు సడలించక ముందు పరుగు చూడండి. మామూలుగా ఆ దశకు వచ్చేసరికి మిగతావాటికి అందనంత దూరం వెళ్లిపోయే గుర్రం ఆ రోజు వెళ్లలేకపోయింది. అడుగు సాగలేదు. తర్వాత పరీక్షల్లో తేలింది, రేసులో దానికి కండరాలు చిట్లాయని. అంటే 'ఫామ్ తగ్గింది' అన్నవాళ్లదీ తప్పే, 'జాకీ వల్లే, గుర్రానికేం కాలేదు' అన్నవాళ్లదీ తప్పే. నొప్పితో, పరాయి దేశంలో, ఎగువకు పరుగెత్తి గెలిచిన రేసు అది. తేడాను మాత్రమే చూసినవాళ్లు దాని అతి గొప్ప విజయాన్ని అతి బలహీనమైనదిగా రాసుకున్నారు.

ఆ తర్వాత ట్రైనర్ పీటర్ మూడీ చేసిన పని నాకు ఇంకా నచ్చింది. ఇంగ్లండ్‌లో మరో రేసు ఆడించి విమర్శకుల నోరు మూయించాలని చూడలేదు. గుర్రాన్ని ఇంటికి తీసుకెళ్లి నెలల తరబడి విశ్రాంతినిచ్చాడు. 2013 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్‌లోని ఫ్లెమింగ్టన్ మైదానంలో బ్లాక్ కేవియర్ మళ్లీ దిగింది. 1,000 మీటర్లు 55.42 సెకన్లలో, ట్రాక్ రికార్డుతో. ఏప్రిల్‌లో 25వ విజయంతో రిటైర్ అయింది.

ఛాంపియన్లు తగ్గనే తగ్గవని నేను అనడం లేదు. తగ్గుతాయి. అయితే ఆ సంగతి ఒక్క రేసు తేడాలో కనపడదు. వేగం మామూలుగానే ఉన్నా, నేల నచ్చినదే అయినా, జాకీ సరిగ్గా నడిపినా, చివరి 200 మీటర్లలో అడుగు కురచబడుతోందా? ఓడిన గుర్రాలు తర్వాతి రేసుల్లో ఏం చేశాయి? అవి వరసగా గెలుస్తుంటే ఛాంపియన్ కొద్ది తేడా విలువ పెరుగుతుంది, అన్నీ ఓడిపోతుంటే తగ్గుతుంది. అందుకే నిజమైన అంచనా ఆ సాయంత్రమే రాదు, నెల రెండు నెలలు ఆగాలి. రేసు అయిన పది నిమిషాలకే తీర్పు చెప్పేవాళ్లకు ఈ ఓపిక లేదు. పోనీ వాళ్లు తప్పు చెబితే వాళ్లకేం నష్టం లేదు. నష్టం గుర్రానికి. ఛాంపియన్ ప్రతిసారీ ఊదేసినట్టు గెలవాలని జనం పట్టుబడితే, యజమాని విశ్రాంతి ఇవ్వాల్సిన చోట మళ్లీ పరుగెత్తిస్తాడు, జాకీ గెలిచేసిన రేసులో కూడా కొరడా తీస్తాడు. మా పోటీల్లోనూ అంతే. జనం అరుపులకు లొంగి, అలిసిన ఎద్దు మీద చర్నకోల ఝళిపించినవాళ్లను నేను చూశాను. ఆ ఎడ్లలో కొన్నింటిని మరుసటి ఏడాది చూడలేదు.

ఆ తిరునాళ్ల మర్నాడు తెల్లవారకముందే పెదనాన్న లాంతరు పట్టుకుని కొట్టంలోకి పోయాడు, నేనూ వెంట పోయాను. ఎలపటెద్దు తొట్టి ఖాళీగా ఉంది. దాపటెద్దు తొట్టిలో ఉడకబెట్టిన ఉలవలు సగం అట్లాగే ఉన్నాయి. ఆయన మళ్లీ ఆ వెనక కాలే తడిమాడు. మోకాలి పైన కండ వేడిగా ఉందన్నాడు. ఆ ఏడాది సంక్రాంతి పోటీలకు జతను తోలకపోలేదు. ఓడిపోతామని భయపడ్డాడని ఊళ్లో అన్నారు. ఆయన ఎవరికీ జవాబు చెప్పలేదు. రోజూ పొద్దున్నే ఆ తొట్టి మాత్రం చూసేవాడు. అది అడుగంటా ఖాళీ అయిన రోజున, నన్ను లేపి మరీ చూపించాడు.