ఒక్క ఫ్రేమ్ చాలదు, రీలు మొత్తం కావాలి

కల్లోల ప్రాంతాల నుంచి గొప్ప ఫొటో ఏది వచ్చినా మనం అనే మాట ఒకటే: ప్రపంచాన్ని కదిలించిందని. కదిలితే ఒరిగిందేమిటి? 1992లో బోస్నియాలోని బియెల్యినాలో రాన్ హవీవ్ తీసిన ఫొటోలో ఒక మహిళ నేల మీద పడి ఉంది. పక్కన సెర్బ్ సాయుధుడు. తల మీదకి నెట్టుకున్న చలవ కళ్లద్దాలు, వేళ్ల సందున సిగరెట్టు, తన్నడానికి ఎత్తిన కాలు. లోకమంతా చూసింది. మూడేళ్లకు అదే బోస్నియాలో స్రెబ్రెనిత్సా ఊచకోత జరగనే జరిగింది. ఆ ఫొటో పనికొచ్చింది తర్వాతే, యుద్ధ నేరాలు విచారించిన హేగ్ ట్రైబ్యునల్‌లో సాక్ష్యంగా.

అందుకే అంటున్నాను, ఇలాంటి చోట్ల ఫొటోగ్రాఫర్ పని కన్నీళ్లు తెప్పించడం కాదు, దాఖలా మిగల్చడం. దానికి ఒక్క ‘అద్భుత క్షణం’ చాలదు.

ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీ సంగతే చూడండి. 1972 జనవరి 30న పౌరహక్కుల ఊరేగింపులో బ్రిటిష్ సైనికుల కాల్పుల్లో 13 మంది పోయారు. సాయుధుల మీదే కాల్చామన్నది సైనికుల వాదన. ఫొటోగ్రాఫర్ జిల్ పెరెస్ కెమెరాలో మాత్రం ఒక మనిషి నేల మీద పాకుతున్నాడు, చేతిలో ఏమీ లేదు. తర్వాతి ఫ్రేముల్లో అతనికి తూటా తగిలింది. వాటిలో ఏ ఒక్కదాన్ని విడిగా చూసినా ఎదురువాదనకు సందు దొరుకుతుంది. వరసగా పెడితే దొరకదు. సైన్యం వైపే మొగ్గిన తొలి ప్రభుత్వ విచారణ, విడ్జరీ నివేదిక సైతం అతని దగ్గర ఆయుధం లేదని ఒప్పుకుంది. మిగతావారందరికీ ఆ మాట దక్కడానికి 2010లో రెండో విచారణ, సావిల్ నివేదిక రావాల్సివచ్చింది. 38 ఏళ్లు! అన్నేళ్లూ ఆ నెగటివ్‌లు భద్రంగా ఉండబట్టే సరిపోయింది.

పక్కవాడు ప్రాణం విడుస్తుంటే కెమెరా నొక్కడమేమిటని, ఆ బాధ చివరికి గ్యాలరీ గోడకెక్కుతుందని అనేవాళ్లున్నారు. గ్యాలరీల మాట నిజమే. కానీ నొక్కకపోతే మిగిలేది తుపాకీ పట్టినవాడి వాంగ్మూలమే కదా!

నా అసలు కోపం పత్రికల మీద. 2013లో షికాగో సన్‌టైమ్స్ తన 28 మంది ఫొటోగ్రాఫర్లనూ ఒక్కసారే ఇంటికి పంపింది. సొంత ఫొటోగ్రాఫర్ లేనిచోట సొంత ఆర్కైవ్ కూడా నిలవదు. ఇప్పుడీ భారమంతా ఫ్రీలాన్సర్లదే. ఎడిటర్ ఒక్క ఫ్రేమ్ కొంటాడు. మిగతావి ఏదో హార్డ్‌డిస్క్‌లో పడి ఉంటాయి, అది పాడైతే అంతే సంగతులు. విచిత్రమేమిటంటే, ఫొటో అసలుదో కాదో తేల్చడానికి వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీవాళ్లు కెమెరాలోని ఒరిజినల్ ఫైలుతో పాటు ముందువెనకల ఫ్రేములూ అడుగుతారు. బహుమతి కోసం పడే ఆ శ్రద్ధలో సగమైనా రేపటి విచారణల కోసం పడాలి. ఫొటో కొన్న ప్రతి సంస్థా ఆ రోజు తీసిన ఫైళ్లన్నీ తేదీ, చోటు వివరాలతో దాచే ఖర్చు భరించాలి. హక్కులు మాత్రం తీసినవాళ్ల దగ్గరే ఉండాలి.