హోర్డింగు మీది బర్గర్ గారికి

బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర రాత్రింబవళ్లు వెలుగుతున్న శ్రీ బర్గర్ గారికి,

ఉభయకుశలోపరి. మీ కుశలం సంగతి నాకు తెలుసు, రోజూ ఆఫీసు నుంచి వస్తూ చూస్తూనే ఉన్నాను. నా కుశలమే కాస్త అటూ ఇటూగా ఉంది. శనివారం రాత్రి మిమ్మల్ని తిన్నాను. మిమ్మల్ని అంటే మిమ్మల్ని కాదు లెండి, మీ పేరు చెప్పుకుని మా ఇంటికి వచ్చినాయన్ని.

అసలు తప్పు సిగ్నల్‌ది. ఒకసారి ఎరుపు పడిందంటే మిమ్మల్ని చూడటం తప్ప వేరే పని ఉండదు. మీ తల మీద నువ్వుగింజలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. లెట్యూస్ ఆకు పట్టుచీర కుచ్చిళ్లలా మడతలు మడతలుగా బయటికి వచ్చి ఉంటుంది. టమాటా మీద ఒక నీటిబొట్టు జారదామా వద్దా అన్నట్టు ఆగి ఉంటుంది. మే నెల విజయవాడ ఎండలో హెల్మెట్ కింద నా బుర్ర ఉడికిపోతుంటే, మీ టమాటా మీద ఆ చుక్క మాత్రం మూడు వారాలుగా అక్కడే ఉంది.

మా మేనకోడలికి ఏడేళ్లు. బండి మీద ముందు కూర్చుని మీ వైపు వేలు చూపించి, "మామయ్యా, అదే కావాలి" అంది. ఆ రాత్రే ఆర్డర్ పెట్టాం. 219 రూపాయలు, దాని మీద డెలివరీ, ప్యాకింగ్, ఇంకేదో ఫీజు.

డబ్బా తెరిచాం. పైబన్ను ఒక పక్కకి జారిపోయి, రాత్రి బస్సులో కిటికీకి తల ఆనించి నిద్రపోయిన ప్రయాణికుడిలా ఉంది. చీజ్ సగం లోపలి టిక్కీకి, సగం కాగితానికి అంటుకుంది. కాగితం మీదది చెంచాతో గీకాం, మా డబ్బులు కదా. సాస్‌లో పెద్ద వాటా డబ్బా మూతకి దక్కింది. లెట్యూస్ ఆవిరికి మగ్గి, అవతల ఏముందో కనపడేంత పల్చబడింది. టమాటా ఒక్కటే ముక్క, అదీ ముచ్చిక దగ్గరది. పిల్ల డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసి, "మామయ్యా, ఇది దాని పిల్లా?" అని అడిగింది.

ఏం చెప్పమంటారు? "లేదమ్మా, ఇదే పెద్దది. డబుల్ తీసుకున్నాం" అన్నాను.

ఆ కోపంలో కూర్చుని మీ పుట్టుపూర్వోత్తరాలు తవ్వాను. మిమ్మల్ని మైదాపిండితోనో, ప్లాస్టిక్‌తోనో చేసి ఉంటారని నా అనుమానం. తీరా చూస్తే మీ దాయాది ఒకాయన కథ కనపడింది. 2012లో టొరంటో నుంచి ఒకావిడ, ప్రకటనలో బర్గర్‌కీ దుకాణంలో బర్గర్‌కీ ఎందుకింత తేడా అని మెక్‌డొనాల్డ్స్ కెనడా వాళ్లని అడిగింది. వాళ్లు దాచుకోకుండా వీడియో తీసి మరీ చూపించారు. దుకాణంలో బర్గర్ నిమిషంలో తయారవుతుంది. ఫోటోకి వెళ్లేదానికి స్టూడియోలో గంటలు పడుతుంది. కెచప్‌ని సిరంజితో, ఎక్కడ కనపడాలో అక్కడ మాత్రమే బొట్లు బొట్లుగా పెడతారు. ఉల్లిముక్కలు, ఊరగాయ దోసకాయ చక్రాలు, చీజ్ అన్నీ కెమెరా వైపు అంచుకి లాగుతారు. ఆఖర్న కంప్యూటర్‌లో మెరుగులు దిద్దుతారు. మా డబ్బాలో బన్ను ఎందుకు ముడుచుకుందో కూడా వాళ్లే చెప్పారు: వేడి పోకుండా మూత పెడతాం, ఆ ఆవిరికి బన్ను కాస్త దగ్గరపడుతుంది అని. సరుకులు మాత్రం దుకాణంలో వాడేవేనట.

ఇక్కడే నా కోపం చప్పబడిపోయింది. మీరు పచ్చి అబద్ధమైతే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి. మీరు నిజమే, సరుకూ నిజమే, కాకపోతే ఎవరూ తినడానికి చేసిన మనిషి కాదు మీరు. పైన పటారం లోన లొటారం అంటారు కదా, మీ దగ్గర ముందు పటారం, వెనక లొటారం. రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్లినప్పుడు ఇలాంటి ఇళ్లే చూశాను. ముందు నుంచి మేడ, వెనక్కి వెళ్తే కర్రలు, మేకులు. కాకపోతే ఆ ఇంట్లో అద్దెకి దిగమని మమ్మల్నెవరూ అడగలేదు.

మీ వంశంలో ముందు తరం వాళ్లు ఇంకా ఘనులు. 1960ల చివర్లో అమెరికాలో క్యాంప్‌బెల్ సూప్ ప్రకటన తీసేటప్పుడు, కూరగాయ ముక్కలు అడుక్కి దిగిపోతున్నాయని గిన్నెలో గాజు గోళీలు పోశారు. ముక్కలన్నీ పైకి తేలి సూప్ నిండుగా కనపడింది. ప్రభుత్వ కమిషన్ పట్టుకుంది, ఇక ముందు ఇలా చెయ్యబోమని 1970లో కంపెనీ ఒప్పుకుంది. గోళీలు మేమూ ఆడాం గానీ ఈ ఆట మాకు తట్టలేదు.

ఇక సబ్‌వే వాళ్ల ఫుట్‌లాంగ్ శాండ్‌విచ్. పేరులోనే అడుగు ఉంది. 2013లో ఆస్ట్రేలియా కుర్రాడొకడు దాని పక్కన టేపు పెట్టి ఫోటో తీస్తే 11 అంగుళాలు తేలింది. దానికి ఆ కంపెనీ ఆస్ట్రేలియా శాఖ ఇచ్చిన జవాబు ఫ్రేము కట్టించుకోదగ్గది. ఫుట్‌లాంగ్ అనేది మా రిజిస్టర్డ్ పేరు, పొడవు కొలత అని మా ఉద్దేశం కాదు అన్నారు. మా వీధిలో మల్లెపూలు అమ్మే ఆవిడ మూర వేసేటప్పుడు మోచెయ్యి కాస్త ముందుకి జరుపుతుంది. గట్టిగా అడిగితే "పొద్దున్నే బేరమేంటి తల్లీ" అని మరో రెండు వేళ్ల పూలు కలుపుతుంది. అంతేగానీ మూర అనేది నా పేరు, కొలత కాదు అని ఇన్నేళ్లలో ఒక్కసారీ అనలేదు.

కోర్టుల సంగతీ చూశాను. 2023లో అమెరికాలో ఒక జడ్జి, ఆకలి పుట్టించే బొమ్మలు అందరూ వేసేవేనంటూ, ప్రకటనలో కన్నా అసలు బర్గర్ చిన్నదని మెక్‌డొనాల్డ్స్, వెండీస్ అనే బర్గర్ కంపెనీల మీద వేసిన కేసు కొట్టేశారు. అదే ఏడు ఫ్లోరిడాలో ఇంకో జడ్జి, బర్గర్ కింగ్ మీద ఇలాంటి కేసులో కొంత భాగాన్ని ముందుకి సాగనిచ్చారు. బర్గర్ అచ్చం బొమ్మలాగే ఉండాలని లేదన్నది కంపెనీ వాదన. అది నిజమే అనుకుందాం. ఎవరూ నమ్మరని తెలిసిన బొమ్మకి అన్ని గంటలు, అంత సిరంజి ఎందుకు సార్?

మన దేశంలో 2019 వినియోగదారుల చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షల దాకా జరిమానా ఉంది, మళ్లీ చేస్తే 50 లక్షలు. 2022 మార్గదర్శకాల ప్రకారం కింద రాసే షరతు కూడా పైన చెప్పిన భాషలోనే, స్పష్టంగా ఉండాలి. మీ నినాదం తెలుగులో బారెడు. మీ పాదాల దగ్గర 'బొమ్మ నమూనా మాత్రమే' అన్న అర్థం వచ్చే ముక్క ఇంగ్లిషులో, చీమ తలకాయంత. అది చదవాలని బండి పక్కకి ఆపితే ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చాడు.

మిమ్మల్ని ఒక్కరినే అనడం న్యాయం కాదు. మా బిర్యానీ ఫ్లెక్సీలూ తక్కువ తినలేదు. మా వీధిలో నాలుగు బిర్యానీ సెంటర్లు, నాలుగింటి మీదా ఒకటే ఫోటో. అదే లెగ్ పీసు నిటారుగా నిలబడి ఉంటుంది, అదే పుదీనా ఆకు, అదే గిన్నె. పార్సిల్ విప్పితే లెగ్ పీసు కోసం తవ్వకాలు జరపాలి. కాకపోతే అక్కడ కౌంటర్‌లో కూర్చున్నాయన్ని "ఏంటి బాబాయ్, ముక్కేదీ?" అనొచ్చు, ఆయన నవ్వి ఇంకోటి వేస్తాడు. మిమ్మల్ని అడగాలంటే నిచ్చెన కావాలి.

ఇంకో సంగతి చెప్పి ముగిస్తాను. మొన్న సాయంత్రం గాలివాన పడింది కదా, మర్నాడు సిగ్నల్ దగ్గర ఆగితే మీ ఫ్లెక్సీ పైమూల తెగి ఉంది. పైబన్ను ఒక పక్కకి వేలాడుతోంది, చీజ్ మధ్యకి చిరిగి ఇనపచట్రానికి అంటుకుని ఉంది, లెట్యూస్ మడతల్లో నీళ్లు నిలిచాయి. వెనక కూర్చున్న మేనకోడలు చూసి, "మామయ్యా, మనకొచ్చింది ఇదే!" అని చప్పట్లు కొట్టింది.

ఇట్లు,
మూతకి అంటిన సాస్‌ని వేలితో తీసుకున్న ఒక కస్టమర్