సవరణ: విలువిద్యకు మెత్తటి షూ మేలన్న మాట

విలువిద్య సాధనకు మందపాటి మెత్తటి సోల్ ఉన్న రన్నింగ్ షూ మేలని మొన్న రాశాను. అది తప్పు. కాళ్లు నొప్పెట్టవన్నంత వరకే నిజం. విల్లు లాగి గురి చూస్తున్నప్పుడు మెత్తటి సోల్ బరువుకి అణిగి, మళ్లీ పొంగుతుంది. మడమ కుదురుగా నిలవదు, ఒళ్లు సన్నగా ఊగుతుంది. 70 సెంటీమీటర్ల బాణం మొన ఒక్క మిల్లీమీటరు పక్కకి తిరిగితే 70 మీటర్ల దూరంలో 10 సెంటీమీటర్ల తేడా! అక్కడ లక్ష్యం నడిమిన ఉండే పది పాయింట్ల వలయం వ్యాసమే 12.2 సెంటీమీటర్లు, అంటే నడిమి నుంచి అంచుకి 6.1 సెంటీమీటర్లే.

కాబట్టి సోల్ చదునుగా, గట్టిగా, మడమా మునివేళ్లూ దాదాపు ఒకే ఎత్తులో ఉండే షూ చూసుకోండి. పాదం వంపుకి ఆసరా కావాలంటే లోపల గట్టి ఇన్‌సోల్ వేసుకోవచ్చు. షూ మార్చగానే గురి కుదురుతుందని మాత్రం అనను. నా బాణాలు ఇంకా ఎడమకే పోతున్నాయి.