ఏ కారు అని కాదు, ఏ ఏటి కారు అని అడగండి

మా మేనల్లుడు ఎమ్మెస్ అయిపోయి డల్లాస్‌లో ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది. పోయిన నెల ఫోన్ చేసి, "మామయ్యా, బీఎండబ్ల్యూ 528ఐ ఒకటి చూశాను. 2013ది. కామ్రీ ధరకే ఇస్తామంటున్నారు" అన్నాడు. గొంతులో సంబరం తెలుస్తూనే ఉంది. "2013 ఎందుకు?" అని అడిగాను. జవాబు లేదు. రంగు నచ్చింది, మైళ్ళు తక్కువ, ధర అందుబాటులో ఉంది. అది ఏ ఏటి మోడల్ అన్నది అసలు ఆలోచించలేదు.

మనవాళ్ళు చాలామంది సెకండ్ హ్యాండ్ లగ్జరీ కారు ఇలాగే కొంటున్నారు. లెక్సస్ అయితే మంచిది, జర్మన్ కారు అయితే ఖర్చు, అంతటితో విచారణ అయిపోతుంది. ఒకే పేరు, ఒకే ఆకారం ఉన్న కారు ఒక ఏడు బంగారంలా ఉండి, ఇంకో ఏడు ప్రాణం తీస్తుంది. అందుకే బ్యాడ్జి కంటే ముందు ఏడు చూడాలని నేను గట్టిగా నమ్ముతాను.

కంపెనీలు ఆరేడేళ్ళకోసారి కారుని మొత్తంగా మార్చేస్తాయి. కొత్త బాడీ, తరచుగా కొత్త ఇంజనో గేర్‌బాక్సో, బోలెడంత కొత్త ఎలక్ట్రానిక్స్, అన్నీ ఒకేసారి వస్తాయి. లోపాలు బయటపడేది మొదట కొన్నవాళ్ళ చేతుల్లోనే. ఆ ఫిర్యాదులు విని కంపెనీ ఒక్కొక్క పార్టూ మార్చుకుంటూ పోతుంది. ఆ మోడల్ మారిపోయే ముందు చివరి రెండు మూడేళ్ళ కార్లు ఈ దిద్దుబాట్లన్నీ అయ్యాక వచ్చినవి. నేను వెతికేది వాటినే.

మావాడు చూసిన కారే తీసుకోండి. 2012 నుంచి 528ఐలో ఎన్20 అనే నాలుగు సిలిండర్ల టర్బో ఇంజన్ పెట్టారు. దాని తొలి ఏళ్ళ ఇంజన్లలో టైమింగ్ చైన్‌ని (ఇంజన్ లోపలి భాగాలన్నీ ఒక లయలో కదిలేలా చూసే గొలుసుని) పట్టి ఉంచే ప్లాస్టిక్ గైడ్లు పెళుసెక్కి విరిగిపోయేవి. చైన్ పట్టు తప్పితే ఇంజనే పోతుంది. 2017లో బాడీ, ఇంజన్ రెండూ మారి 530ఐ వచ్చింది. పైగా కారు ధర పడిపోయినంత మాత్రాన పార్టుల ధర పడిపోదు. కొత్తగా యాభై వేల డాలర్ల కారు, పదేళ్ళ తర్వాత పన్నెండు వేలకి దొరికినా, రిపేరుకి వెళ్తే యాభై వేల కారే.

లెక్సస్ అయితే కళ్ళు మూసుకుని కొనొచ్చనే మాటతోనూ నేను ఏకీభవించను. 2007 మోడల్‌గా వచ్చిన ఈఎస్ 350 ఇంజన్ చాలా మంచిది. కానీ తొలి ఏళ్ళలో ఆయిల్ వెళ్ళే ఒక గొట్టంలో కొంత భాగం రబ్బరుది. అది చిట్లితే నిమిషాల్లో ఆయిలంతా రోడ్డు పాలు. తర్వాత పూర్తిగా లోహపు గొట్టం పెట్టారు. ఆ కార్ల డ్యాష్‌బోర్డులు కూడా ఎండ ఎక్కువున్న రాష్ట్రాల్లో మెత్తబడి, జిగటగా తయారై, సూర్యుడి వెలుగు పడితే కళ్ళలోకి మెరుపు కొట్టేవి. అదే ఈఎస్ 2013 నుంచి 2018 దాకా ఇంకో తరం. 2016లో కొంత మెరుగుపరిచారు. 2017 నుంచి, ముందున్నది గుద్దబోతుంటే దానంతటదే బ్రేకు వేసే సేఫ్టీ సిస్టమ్ అన్ని ఈఎస్‌లలోనూ వస్తోంది. నన్నడిగితే 2017, 2018. ఐఫోన్‌ని కారు తెర మీద వాడుకోనిచ్చే యాపిల్ కార్‌ప్లే వీటిలో లేదు, 2019 నుంచే ఉంది. దానికోసం కొత్త తరం మొదటి ఏటి కారుకి వెళ్ళక్కర్లేదు.

మెర్సిడెస్ ‘ఈ-క్లాస్’ (E-Class) కార్లలోనూ ఇంతే. 2003 నుంచి 2006 దాకా ఎలక్ట్రానిక్ బ్రేకులు పెట్టి, 2007లో మళ్ళీ మామూలు బ్రేకులకి వచ్చేశారు. వైటూకే రోజుల్లో ఇక్కడికి వచ్చినవాళ్ళకి 2000-2003 నాటి అక్యూరా టీఎల్ కారు ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్స్) పాడైపోయే గొడవ గుర్తుండే ఉంటుంది.

నా మిత్రుడొకరు ఒక కొత్త తరం మోడల్ మొదటి ఏటి కారు, లీజు తీరి వచ్చినది, మోజుపడి కొన్నారు. గేర్‌బాక్స్ మొండికేసింది. పార్టు కోసం కారు రెండు నెలలు షాపులోనే ఉంది. వాళ్ళ అబ్బాయిని స్కూలుకి దింపడానికి ఆయన భార్య రోజూ పక్కింటివాళ్ళని అడగాల్సి వచ్చింది. ఆ ఇబ్బంది డాలర్లలో లెక్కకి రాదు.

"మంచి ఏడు కావాలంటే మైళ్ళు ఎక్కువున్న కారు దొరుకుతోంది" అంటారు. దొరకనివ్వండి. సర్వీసు కాగితాలన్నీ ఉన్న 85 వేల మైళ్ళ 2018 కారుని, 45 వేల మైళ్ళే తిరిగిన 2013 కారు కంటే నేను ముందు పెడతాను. కదలకుండా ఉన్న కారులోనూ రబ్బరు ఎండిపోతుంది.

ఏడు తెలుసుకోవడం తేలికే. ప్రతి కారుకీ విడిగా ఉండే గుర్తింపు నంబరు, అంటే విన్ నంబర్‌లో 17 గుర్తులుంటాయి, పదోది మోడల్ ఏడు. జి అయితే 2016, హెచ్ అయితే 2017, జె అయితే 2018. ఐ అక్షరం ఒకటి అంకెలా ఉంటుందని వాడరు. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన స్టిక్కర్ మీద కారు తయారైన నెల కూడా ఉంటుంది. తరం మధ్యలో పార్టు మారినప్పుడు ఈ నెలే కీలకం. అదే విన్ నంబర్‌ని అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో కొడితే ఇంకా చేయించని రికాల్స్ (లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలిచి చేసే రిపేర్లు) వస్తాయి. డీలర్ కారు కిటికీకి అంటించిన బయ్యర్స్ గైడ్ (వారంటీ ఉందో లేదో చెప్పే కాగితం) చదవండి. "యాజ్ ఈజ్" అని టిక్ ఉంటే, కొన్నాక రిపేర్లు మీ నెత్తినే.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి వినండి. బానెట్ ఎత్తి, మొదటి పది సెకన్లు ఎవరినీ మాట్లాడనివ్వకండి. గలగలమన్నా, సన్నగా ఈల వేసినట్టు వినిపించినా మీకు సంబంధం లేని మెకానిక్‌కి చూపించకుండా చెక్కు రాయొద్దు. ఆ చప్పుడు వినపడకుండా కొందరు డీలర్లు మనం వెళ్ళేసరికే ఇంజన్ వేడిగా ఉంచుతారు. బానెట్ మీద చెయ్యి పెడితే తెలుస్తుంది.

మంచి కారు కావాలనుకోవడం తప్పని నేననను. ఫ్రిస్కో హనుమాన్ గుడి దగ్గర చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బానెట్ మీద కుంకుమతో స్వస్తిక్ వేసి, ఆ ఫొటో ఊళ్ళో అమ్మానాన్నలకి పంపే పిల్లల ముఖాలు చూశాను. వాళ్ళు ఆనందంగా ఉండాలనే ఇదంతా చెప్తున్నది.

మావాడు ఆ 528ఐ వదిలేశాడు. నిన్న రాత్రి ఇంకో విన్ నంబర్ పంపి, "పదో అక్షరం జె, మామయ్యా" అన్నాడు. శనివారం పొద్దున్నే ఇద్దరం వెళ్తున్నాం. మేం వచ్చేదాకా ఇంజన్ ఆన్ చెయ్యొద్దని ఓనర్‌కి ముందే చెప్పాం.