బాలింతకు సాయానికి కొదవేముంది?

కొత్తగా తల్లయిన వాళ్లకు పాలివ్వడంలో సాయం దొరకడం లేదని కొందరు గగ్గోలు పెడుతున్నారు. శుద్ధ అబద్ధం. బిడ్డ కేరుమన్న అరగంటలో పురిటి మంచం చుట్టూ మూగేంత మంది నిపుణులు మన దేశంలో మరే రంగంలోనూ లేరు.

వారి తొలి తీర్పు "పాలు పడలేదు." దీనికి పరీక్షలేమీ అక్కర్లేదు, బిడ్డ ఏడిస్తే చాలు. మొదటిరోజు ఆ పొట్ట గోలీకాయంతే ఉంటుంది, పూటకు చెంచాడు ముర్రుపాలతో నిండుతుంది. కానీ చెంచాడు పాలు చూసి ఏ పెద్దమ్మ తృప్తి పడుతుంది? సాయంత్రానికి డబ్బా రావలసిందే.

డబ్బాపాల ప్రకటనలను, తల్లులకు ఉచితంగా నమూనాలు పంచడాన్ని 1992 నాటి చట్టం నిషేధించింది. డబ్బా మీద పసిపాప బొమ్మ కూడా వేయకూడదు. ఇంత పకడ్బందీ చట్టం పెద్దమ్మలను మాత్రం వదిలేసింది. 2003లో సవరించినప్పుడైనా ఎవరికీ తట్టలేదు.

పథ్యం సంగతి సరేసరి. పాలసొర పులుసు పెట్టమని ఒకరు, నీచు ముట్టనివ్వద్దని ఇంకొకరు. మంచినీళ్లు ఎక్కువ తాగితే బిడ్డకు జలుబట!

ఇంతమందిలో ఒక్కరూ చెప్పనిది, రొమ్ము ఎలా పట్టించాలన్నది. బిడ్డ నోరు బాగా తెరిచేదాకా ఆగాలి. చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్లాలి, గడ్డం రొమ్ముకు ఆనాలి. చనుమొనలు పగిలి, పళ్లు బిగబట్టి పాలిస్తున్న ఆమె పక్కన పది నిమిషాలు కూర్చుని ఇది చూపించాల్సిన నర్సు వార్డంతటికీ ఒక్కతే. అందుకే ఆ బాధ్యత గోడ మీది పోస్టరుకు అప్పగించారు. అందులోని తల్లి మాత్రం నవ్వుతూనే ఉంది.

ఆఫీసుల్లోనూ లోటు లేదు. యాభై మంది, ఆపైన పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి రావచ్చని 2017లో చట్టం చేశారు. పాలు పిండుకోవడానికి మరుగుదొడ్డి ఎలాగూ ఉంది.

అయినా ప్రభుత్వానికి ఒక మనవి. "పాలు చాలడం లేదేమో" అనే ప్రతి బంధువూ ముందుగా బిడ్డ తడిపిన గుడ్డలు లెక్కపెట్టాలని ఒక నిబంధన తేవాలి. మొదటి వారం గడిచేసరికి రోజుకు ఆరు తడిస్తే పాలు చాలుతున్నట్టే. నిబంధన గట్టెక్కడం మాత్రం అనుమానమే. లెక్కపెట్టిన చేతులే ఉతకాలేమోనని ఇప్పటికే వ్యతిరేకత మొదలైంది.